ఇండక్షన్ ఫర్నేసులో మిశ్రమలోహ ఉక్కు తుక్కు: క్రోమియం ఎందుకు అదుపు తప్పుతోంది?

మూసపని (చర్లపల్లి)

అందరికీ నమస్కారం. చర్లపల్లిలో మాకొక చిన్న ఫౌండ్రీ ఉంది. 500 కిలోల ఇండక్షన్ ఫర్నేసు, లోపలి గోడకు సిలికా పొడి దట్టించిన (ర్యామింగ్ మాస్) లైనింగు. ఎక్కువగా డబ్ల్యూసీబీ అనే కార్బన్ ఉక్కు పోతల గ్రేడులో వాల్వు బాడీలు, ఫ్లాంజులు పోస్తుంటాము. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) తుక్కు ధర పెరగడంతో ఈమధ్య మెషిన్ షాపుల నుండి కలగలుపు తుక్కు కొనడం మొదలుపెట్టాము. అందులో ఈఎన్ 24 (నికెల్, క్రోమియం ఉన్న మిశ్రమలోహ ఉక్కు) కోత ముక్కలు, పాత బేరింగులు, గేర్లు, పంపు షాఫ్టులు, లేత్ చిప్స్ అన్నీ కలిసి వస్తున్నాయి. అప్పటి నుండి ఒక హీటులో (ఒక విడత కరుగులో) క్రోమియం 0.22 శాతం వస్తే, అదే కొలతలతో చార్జ్ చేసిన (తుక్కు వేసిన) తర్వాతి హీటులో 0.58 వస్తోంది. డబ్ల్యూసీబీకి క్రోమియం గరిష్ఠ పరిమితి 0.50 కనుక ఒక కొనుగోలుదారు మొత్తం లాట్‌ను వెనక్కి పంపాడు.

ఈ తేడా ఎక్కడి నుండి వస్తోంది? ఎక్కువైన క్రోమియాన్ని ఫర్నేసులోనే తీసివేసే మార్గం ఉందా? లేకపోతే ఇలాంటి తుక్కు జోలికే పోకూడదా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

లోహవిద్య

మూసపని గారూ, మీ ప్రశ్నలో ఫర్నేసు మీద పెట్టుకున్న నమ్మకం కాస్త ఎక్కువగా కనిపిస్తోంది. కరిగించడం వేరు, శుద్ధి చేయడం వేరు. మీ ఇండక్షన్ ఫర్నేసు మొదటి పని బ్రహ్మాండంగా చేస్తుంది కానీ, రెండో పనికి అది పుట్టలేదు.

1600 డిగ్రీల దగ్గర కరిగిన ఉక్కుకు ఆక్సిజన్ తగిలినప్పుడు ఏ మూలకం ముందు కాలుతుంది, ఏది తర్వాత కాలుతుంది అన్నదానికి ఒక వరుస ఉంది. అల్యూమినియం, టైటానియం, సిలికాన్, వెనేడియం, మాంగనీసు, క్రోమియం ఇవన్నీ ఇనుముకంటే ముందే ఆక్సిజన్‌ను పట్టుకుని స్లాగులోకి (కరుగు పైన తేలే మలినాల పొరలోకి) పోతాయి. నికెల్, కోబాల్టు, రాగి, తగరం ఇనుముకంటే వెనుక నిలబడతాయి కనుక, ఇనుమంతా కాలిపోతే తప్ప వాటి జోలికి ఆక్సిజన్ వెళ్లదు. మాలిబ్డినం కూడా ఆచరణలో దాదాపు పూర్తిగా లోహంలోనే మిగులుతుంది. టంగ్‌స్టన్ ఇనుముకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కొంత పోతుంది, కొంత ఉంటుంది. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది కనుక పొగలో కలిసిపోతుంది. తుక్కులో వచ్చిన ప్రతి మూలకానికీ స్లాగు, లోహం, పొగ అనే ఈ మూడు దారులే ఉన్నాయి.

ఇదంతా ఆక్సిజన్ ఊదే ఫర్నేసు సంగతి. మీరు ఆక్సిజన్ ఊదరు, స్లాగు కూడా పలుచని పొరే ఉంటుంది. కాబట్టి మాంగనీసు, సిలికాన్లలో కొంత నష్టం తప్ప, చార్జ్‌లో వేసినదే లేడిల్‌లోకి (పోత పాత్రలోకి) వస్తుంది. మీ 0.58కి కారణం ఫర్నేసులో లేదు, యార్డులో ఉంది. ఒక లెక్క చూడండి. 500 కిలోల చార్జ్‌లో 17 శాతం క్రోమియం ఉన్న 430 స్టెయిన్‌లెస్ ముక్క 15 కిలోలు పడిందనుకుందాం. అది మొత్తంలో 3 శాతం. అదొక్కటే కరుగుకు 0.51 శాతం క్రోమియం చేరుస్తుంది. పదిహేను కిలోలంటే ఒక మనిషి ఒంటిచేత్తో ఎత్తి బకెట్‌లో పడేసే ముక్క. మీ హీటుకూ హీటుకూ ఉన్న తేడా అలాంటి ఒకటి రెండు ముక్కలదే అయి ఉంటుంది.

ఆటోనగర్_బెజవాడ

పై సభ్యులు చెప్పిన లెక్కకు వ్యాపారం వైపు నుండి ఒక మాట కలుపుతాను. మూసపని గారు పంపు షాఫ్టులు అన్నారు, నాకు అనుమానం అక్కడే ఉంది. బోరుబావి సబ్‌మెర్సిబుల్ పంపుల షాఫ్టులు చాలావరకు 410 రకం స్టెయిన్‌లెస్‌తో చేస్తారు. అందులో 11.5 నుండి 13.5 శాతం దాకా క్రోమియం ఉంటుంది. 304 రకం స్టెయిన్‌లెస్ అయితే అయస్కాంతానికి అంటుకోదు కనుక కుర్రవాళ్లు పక్కన పెట్టేస్తారు. 410, 430 రకాలు మామూలు ఇనుములాగే అంటుకుంటాయి కనుక, అయస్కాంతం ఒక్కటే నమ్ముకున్న యార్డులో అవి ఎంఎస్ కుప్పలోకే పోతాయి. దీనికి తోడు 200 సిరీస్ (నికెల్ తక్కువ ఉండే చవక రకం స్టెయిన్‌లెస్) గిన్నెల తుక్కు అయస్కాంతానికి అంటుకోదని దాన్ని 304 కింద అమ్మేవారూ ఉన్నారు. అది మీకు సంబంధించినది కాకపోయినా, అయస్కాంతం రెండు వైపులా మోసపోతుందని చెప్పడానికి రాశాను.

మా యార్డులో మేము ముక్కను చూసి కాక, అది ఏ బండి నుండి, ఏ భాగం నుండి ఊడిందో చూసి వేరు చేస్తాము. లారీ కమాను పట్టీలు ఒక కుప్ప, వాటిలో సిలికాన్ ఎక్కువ ఉండే పాత రకాలు, క్రోమ్ వెనేడియం రకాలు రెండూ వస్తాయి. బేరింగుల రింగులు మరొక కుప్ప, అవి దాదాపు అన్నీ ఈఎన్ 31 రకమే, అంటే 1 శాతం కార్బన్, 1 నుండి 1.5 శాతం క్రోమియం. గేరుబాక్సు గేర్లు వేరు. డ్రైవ్ షాఫ్టులు వేరు. బండి నుండి ఊడదీసినప్పుడే వేరు చేస్తే ఇది అరగంట పని, ఒకసారి కుప్పలో కలిసిపోయాక ఎవరి తరమూ కాదు. కలిసిన కుప్పను మేము తక్కువ ధరకే ఇస్తాము, అందుకు కారణం ఇదే. మీరు మెషిన్ షాపు నుండి నేరుగా కొంటున్నారంటే, ఏ లేత్ కింద ఏ గ్రేడు చిప్స్ పడ్డాయో వాళ్లకు తెలిసి ఉంటుంది. అవి ఒకే డ్రమ్ములోకి ఊడ్చకుండా వేర్వేరు డ్రమ్ముల్లో పెట్టించి, అందుకు కిలోకు ఒకటి రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వడం మీకే లాభం.

ఇంకొక సంగతి. హైడ్రాలిక్ సిలిండర్ రాడ్లు అద్దంలా మెరుస్తాయి కనుక స్టెయిన్‌లెస్ అనుకుని భయపడి పక్కన పెడుతుంటారు. ఆ మెరుపు పైన వేసిన పలుచని క్రోమ్ పూత మాత్రమే, లోపల చాలావరకు మామూలు కార్బన్ ఉక్కే ఉంటుంది. ఒక రాడ్డు పూత వల్ల మీ హీటుకు వచ్చే నష్టం లేదు.

మూసపని (చర్లపల్లి)

ఇద్దరికీ ధన్యవాదాలు. పంపు షాఫ్టులు మా చార్జ్‌లో తప్పకుండా పడుతున్నాయి, వాటిని ఎంఎస్‌గానే లెక్కించాము. అయితే లోహవిద్య గారు క్రోమియం ఇనుముకంటే ముందే కాలుతుందన్నారు కదా. మరి మిల్ స్కేలు (వేడి ఉక్కు మీద నుండి రాలే ఇనుప ఆక్సైడు పెచ్చు) వేసో, పైపుతో కొద్దిగా ఆక్సిజన్ ఊదో దాన్ని కాల్చి స్లాగులోకి పంపలేమా?

లోహవిద్య

సూత్రప్రకారం కొంత పోతుంది. కానీ మీ లైనింగు సిలికా. మిల్ స్కేలు వేసినా, ఆక్సిజన్ ఊదినా ముందుగా పుట్టేది ఇనుప ఆక్సైడు. అది సిలికాతో కలిసి 1200 డిగ్రీల దగ్గరే కరిగే సిలికేటు అవుతుంది. అంటే మీరు క్రోమియాన్ని కాల్చే లోపు ఆ స్లాగు మీ గోడను తినేస్తుంది. మాంగనీసు ఆక్సైడు కూడా ఇదే పని చేస్తుంది. ఇండక్షన్ ఫర్నేసులో కాయిల్‌కూ కరుగుకూ మధ్య ఉన్నది కొద్ది అంగుళాల లైనింగే, కాయిల్ లోపల నీళ్లు పారుతుంటాయి. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు. దయచేసి ఆ ప్రయత్నం చేయకండి.

2017లో చైనా ప్రభుత్వం తుక్కును ఇండక్షన్ ఫర్నేసుల్లో కరిగించి నిర్మాణపు కడ్డీలు చేసే చిన్న కర్మాగారాలను దేశమంతటా మూయించింది. ఈ ఫర్నేసుల్లో శుద్ధి జరగదు, తుక్కులో ఉన్నదంతా కడ్డీలోకే వస్తుందన్నది అందుకు చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి. మన దేశంలో ఉక్కు ఉత్పత్తిలో పెద్ద వాటా నేటికీ ఇండక్షన్ ఫర్నేసులదే. నా అభిప్రాయంలో తప్పు ఫర్నేసుది కాదు. ఏరకుండా వేసిన తుక్కును ఏరడం ఫర్నేసు పని అనుకోవడమే తప్పు.

మెల్ట్‌షాపు_ఒడిశా

నేను ఒడిశాలో ఒక స్టెయిన్‌లెస్ మెల్ట్ షాపులో పని చేస్తున్నాను, సొంత ఊరు బొబ్బిలి. ఆక్సిజన్ ఊదే సౌకర్యం ఉన్న మాకు కూడా క్రోమియం సులువుగా లొంగదని చెప్పడానికి ఇది రాస్తున్నాను. రెండు వైపుల నుండి ఇబ్బంది ఉంది. క్రోమియం అక్కర్లేనివారికి అది పోదు, కావాలనుకున్నవారికి అది నిలవదు.

అక్కర్లేని పక్షం ముందు చూద్దాం. ఆర్క్ ఫర్నేసులో మాగ్నసైట్ లైనింగు, సున్నపు స్లాగు ఉంటాయి కనుక ఊదవచ్చు. కానీ క్రోమియం ఆక్సైడు 2400 డిగ్రీలు దాటితే గాని కరగదు. అది స్లాగులో చేరిన కొద్దీ స్లాగు చిక్కబడి, చివరికి పైన పెచ్చు కట్టి కూర్చుంటుంది. దాన్ని లాగివేసి, కొత్త సున్నం వేసి, మళ్లీ ఊదాలి. ప్రతిసారీ దానితో పాటు ఇనుమూ పోతుంది.

దీనికంటే పెద్ద చిక్కు భాస్వరంతో వస్తుంది, దాని గురించి ఫౌండ్రీ మిత్రులు తక్కువగా మాట్లాడతారు. భాస్వరాన్ని ఉక్కు నుండి తీయాలంటే మూడు కావాలి: స్లాగులో సున్నం, తగినంత ఇనుప ఆక్సైడు, మరీ ఎక్కువ కాని వేడి. మామూలు కార్బన్ ఉక్కులో ఈ మూడూ కుదురుతాయి. కరుగులో క్రోమియం ఎక్కువగా ఉంటే, భాస్వరం వంతు రాకముందే వచ్చిన ఆక్సిజన్‌నంతా క్రోమియం తినేస్తుంది, ఇనుప ఆక్సైడు నిలవదు. కాబట్టి మా హీట్లలో చార్జ్‌తో వచ్చిన భాస్వరం చివరిదాకా అలాగే ఉంటుంది. 304లో దాని పరిమితి 0.045 శాతం. మేము తుక్కు కొనేటప్పుడు నికెల్ ఎంత ఉందో చూసినంత శ్రద్ధగా భాస్వరం ఎంత ఉందో చూస్తాము. నికెల్ తక్కువైతే కొని వేయవచ్చు, భాస్వరం ఎక్కువైతే మా దగ్గర దానికి మందు లేదు.

ఇక క్రోమియాన్ని నిలుపుకోవలసిన పక్షం. 18 శాతం క్రోమియం ఉన్న కరుగులో కార్బన్‌ను 0.05 శాతం దాకా దించాలని నేరుగా ఆక్సిజన్ ఊదితే, కార్బన్‌కు బదులు క్రోమియం కాలిపోతుంది. కార్బన్ ముందు కాలాలంటే కరుగు 1800 డిగ్రీలు దాటాలి, ఆ వేడికి లైనింగు నిలవదు. వెనుకటి రోజుల్లో అలాగే ఊది, పోయిన క్రోమియానికి బదులు ఖరీదైన లో కార్బన్ ఫెర్రోక్రోమ్ (కార్బన్ తక్కువ ఉన్న ఇనుము, క్రోమియం మిశ్రమం) చివరలో వేసేవారు. కనుక స్టెయిన్‌లెస్ తుక్కును ఎంతపడితే అంత వేసే వీలు ఉండేది కాదు. 1954లో అమెరికాలో యూనియన్ కార్బైడ్ పరిశోధకుడు విలియం క్రివ్‌స్కీ ఆక్సిజన్‌తో పాటు ఆర్గాన్ కలిపి ఊదితే క్రోమియం నష్టం తగ్గుతుందని గమనించాడు. అది కర్మాగారం స్థాయికి రావడానికి 1968 దాకా పట్టింది, ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో జోస్లిన్ కంపెనీలో మొదటి పాత్ర నడిచింది. ఏఓడీ (ఆర్గాన్ ఆక్సిజన్ డీకార్బరైజేషన్) అని మనం అంటున్నది అదే. ఆర్గాన్ చేసే పని ఒక్కటే, పుట్టిన కార్బన్ మోనాక్సైడు వాయువును పలుచన చేసి దాని పీడనం తగ్గిస్తుంది. పీడనం తగ్గితే అదే వేడి దగ్గర కార్బన్ కాలడం తేలికవుతుంది, క్రోమియం లోహంలో ఆగుతుంది. ఊదడం మొదట్లో ఆక్సిజన్ మూడు వంతులు, ఆర్గాన్ ఒక వంతుగా ఉంటే, కార్బన్ తగ్గుతున్న కొద్దీ దాన్ని తలకిందులు చేస్తూ పోతాము. మొదటి భాగంలో ఆర్గాన్‌కు బదులు చవకైన నైట్రోజన్ వాడుకోవడం కూడా మామూలే.

అప్పటికీ కొంత క్రోమియం స్లాగులోకి పోతుంది. ఊదడం అయ్యాక ఫెర్రోసిలికాన్, సున్నం వేసి, ఆర్గాన్‌తో బాగా కలియబెడితే సిలికాన్ ఆ ఆక్సిజన్‌ను లాక్కుని క్రోమియాన్ని తిరిగి లోహానికి ఇచ్చేస్తుంది. ఇది సరిగా జరిగిందో లేదో స్పెక్ట్రో (మూలకాల శాతాలు చెప్పే యంత్రం) ఫలితం రాకముందే మాకు స్లాగు రంగులో తెలుస్తుంది. క్రోమియం మిగిలిన స్లాగు నల్లగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. బాగా తిరిగి వచ్చిన స్లాగు బూడిద తెలుపుగా ఉండి, చల్లారిన తర్వాత ఎవరూ కొట్టకుండానే పొడిగా రాలిపోతుంది. అందులోని డైకాల్షియం సిలికేటు చల్లారేటప్పుడు తన స్ఫటిక రూపం మార్చుకుని ఉబ్బడమే ఈ రాలడానికి కారణం. స్లాగు యార్డు వాళ్లకు ఆ దుమ్ము పెద్ద తలనొప్పి, మాకు మాత్రం అది మంచి కబురు.

పాతబస్తీ_పోత

ఇంత చర్చ అవసరమా అని నాకు అనిపిస్తోంది. స్పాంజి ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే ఆక్సిజన్ తీసేసి చేసిన ఇనుము) పాతిక శాతం వేస్తే క్రోమియం, నికెల్, రాగి అన్నీ పలుచబడతాయి. మా దగ్గర చాలామంది చేస్తున్నది ఇదే, పోతలూ నడుస్తున్నాయి.

లోహవిద్య

పులుసులో ఉప్పు ఎక్కువైతే తీయలేము, నీళ్లు పోయగలము అన్న పద్ధతి ఇది. పని చేస్తుంది, కాదనను. కానీ బొగ్గుతో చేసిన స్పాంజి ఐరన్‌లో ఇనుముగా మారకుండా మిగిలిన ఇనుప ఆక్సైడు, సిలికా, అల్యూమినా, ఒక్కోసారి ఎక్కువ భాస్వరం కూడా వస్తాయి. సిలికా లైనింగులో స్లాగు పెరుగుతుంది, కరెంటు యూనిట్లు పెరుగుతాయి, లైనింగు హీట్లు తగ్గుతాయి. ఈ ఖర్చులన్నీ వేసుకున్నాక కూడా కలగలుపు తుక్కు చవకగానే ఉందా అని లెక్క కట్టుకోవాలి.

నాకున్న అసలు అభ్యంతరం వేరు. ఈఎన్ 24లో దాదాపు 1.5 శాతం నికెల్, 1.2 శాతం క్రోమియం, 0.25 శాతం మాలిబ్డినం ఉంటాయి. వీటి కోసం గనులు తవ్వి, ఖనిజం కరిగించి, బోలెడు విద్యుత్తు ఖర్చు చేశారు. వాటిని ఎవరికీ పనికిరాని పాళ్లలో వాల్వు బాడీలో కలిపేస్తే అవి పోయినట్టే. అంతటితోనూ అయిపోదు. రేపు ఆ వాల్వు బాడీ తుక్కుగా వచ్చినప్పుడు ఎంఎస్ కుప్పలోనే 0.2 శాతం క్రోమియం మోసుకుని వస్తుంది. పలుచన చేయడానికి మనం వాడుకుంటున్న శుభ్రమైన తుక్కు ఇలా ప్రతి తిరుగుడులో కొంచెం కొంచెం మురికి అవుతోంది.

వెల్డింగ్_గాజువాక

పరిమితి లోపల ఉంటే చాలనుకునేవారి కోసం నేనొక లెక్క ఇస్తాను. డబ్ల్యూసీబీలో నికెల్ 0.50, క్రోమియం 0.50, మాలిబ్డినం 0.20, రాగి 0.30 దాకా రావచ్చు, వెనేడియంతో కలిపి ఈ మిగులు మూలకాల మొత్తం 1.00 దాటకూడదు. 500 కిలోల్లో 100 కిలోల ఈఎన్ 24 వేశారనుకోండి. నికెల్ 0.30, క్రోమియం 0.24, మాలిబ్డినం 0.05 అదనంగా వస్తాయి. రాసిన పరిమితులన్నీ నిలబడతాయి, సర్టిఫికెట్ శుభ్రంగా ఉంటుంది.

ఇప్పుడు కార్బన్ సమానాంకం (ఉక్కు వెల్డింగుకు ఎంత లొంగుతుందో చెప్పే లెక్క) చూడండి. కార్బన్ 0.25, మాంగనీసు 0.70 ఉన్న శుభ్రమైన కరుగుకు, మాంగనీసును ఆరుతో భాగించి కార్బన్‌కు కలిపితే 0.37 వస్తుంది. పైన చెప్పిన క్రోమియం, మాలిబ్డినంలను అయిదుతోనూ, నికెల్‌ను పదిహేనుతోనూ భాగించి కలిపితే అది 0.45 దగ్గరికి చేరుతుంది. అక్కడి నుండి ముందుగా వేడి చేయకుండా వెల్డ్ చేస్తే పగుళ్లు వచ్చే అవకాశం గట్టిగా ఉంటుంది. పోతలో చిన్న రంధ్రం కనిపిస్తే వెల్డింగుతో పూడ్చడం మన ఫౌండ్రీల్లో నిత్యం జరిగేదే. వెల్డరు ఎప్పటిలాగే చల్లని పోత మీద వెల్డ్ చేస్తాడు, మర్నాడు అంచున సన్నని పగులు కనిపిస్తుంది, తిట్లు వెల్డరుకు పడతాయి. తప్పు చార్జ్ షీటులో ఉందని ఎవరూ చూడరు. కనుక ఈ తుక్కు వాడదలిస్తే కొనుగోలుదారు అడిగినా అడగకపోయినా సమానాంకం లెక్క కట్టి వెల్డింగు విభాగానికి పంపండి.

కంకర_చీమకుర్తి

ఇదే సందర్భంలో నాదొక ప్రశ్న. మా దగ్గర అరిగిపోయిన క్రషర్ జా ప్లేట్లు (రాళ్లు నలిపే పలకలు) చాలా పోగుపడ్డాయి. మాంగనీసు ఉక్కు అంటారు. స్థానికంగా ఒక ఫౌండ్రీ వాళ్లు వాటినే కరిగించి కొత్త ప్లేట్లు పోసి ఇచ్చారు, అవి కొద్దికాలానికే విరిగాయి. కరిగించడంలో లోపమా, తుక్కులో లోపమా?

లోహవిద్య

1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ ఇంగ్లండులో కనిపెట్టిన ఉక్కు ఇది. 11 నుండి 14 శాతం మాంగనీసు, 1 నుండి 1.4 శాతం కార్బన్ ఉంటాయి. అయస్కాంతానికి అంటదు కనుక దీన్ని వేరు చేయడం అన్నిటికంటే తేలిక. సిలికా లైనింగులో కరిగిస్తే మాంగనీసు ఆక్సైడు గోడను తింటుంది కాబట్టి దీనికి మెగ్నీషియా లైనింగు ఉండాలి. మీ ఫౌండ్రీ దేనిలో కరిగించిందో అడగండి. కరిగించేటప్పుడు లేచే మాంగనీసు పొగ పీల్చడం నరాలకు హానికరమని కూడా వారికి చెప్పండి.

విరగడానికి మొదట అనుమానించవలసింది వేడిచికిత్సను. పోసిన ప్లేటును 1050 డిగ్రీల దాకా వేడి చేసి వెంటనే నీళ్లలో ముంచకపోతే, స్ఫటికాల అంచుల్లో కార్బైడు అలాగే ఉండిపోయి ప్లేటు పెళుసుగా ఉంటుంది. అది సరిగానే చేశారంటే భాస్వరం చూడండి. ఒడిశా మిత్రులు చెప్పిన చిక్కే ఇక్కడా ఉంది, మాంగనీసు ఉండగా భాస్వరాన్ని కాల్చి తీయలేము. దానికి తోడు, కాలిపోయిన మాంగనీసుకు బదులుగా వేసే ఫెర్రోమాంగనీసులోనూ భాస్వరం ఉంటుంది. పాత ప్లేట్లే కరిగించి, మళ్లీ అవే అరిగాక కరిగించి పోతుంటే ప్రతి విడతకూ అది పెరుగుతుంది. 0.07 శాతం దాటనివ్వకూడదు. పాత ప్లేట్లతో పాటు భాస్వరం తక్కువ ఉన్న శుభ్రమైన ఉక్కు కొంత తప్పనిసరిగా కలపాలి.

ఒహాయో_తెలుగు

నేను అమెరికాలో తుక్కు పరీక్షించే పరికరాల రంగంలో ఉన్నాను. ఇప్పటిదాకా చర్చ క్రోమియం మీద నడిచింది. రోలింగ్ మిల్లులకు తుక్కు అమ్మే మిత్రులకు రాగి గురించి రెండు మాటలు చెబుతాను. రాగి స్లాగులోకి పోదు. వేడి చేసే కొలిమిలో బిల్లెట్ (రోలింగుకు వేసే ఉక్కు దిమ్మ) పైపొర ఇనుము కాలి పెచ్చు అవుతుంటే, కాలని రాగి ఆ పెచ్చు కింద పోగుపడుతుంది. 1085 డిగ్రీలకు అది కరిగి స్ఫటికాల అంచుల్లోకి దిగుతుంది, రోలరు కింద ఆ అంచులు చీలుతాయి. తగరం తోడైతే ఇంకా చెడ్డది, తగినంత నికెల్ ఉంటే కొంత కాపాడుతుంది. కడ్డీలు 0.4 శాతం దాకా తట్టుకుంటాయి, కారు బాడీ రేకులకు 0.06 శాతం కూడా ఎక్కువే. స్టార్టర్ మోటార్లు, ఆల్టర్నేటర్లు ఊడదీయకుండా ఇంజన్ తుక్కును అమ్మితే ఆ రాగి మళ్లీ చేతికి రాదు.

ఇక చేతితో పట్టుకునే ఎక్స్‌రే పరికరం గురించి. నికెల్, క్రోమియం, మాలిబ్డినం, రాగి క్షణాల్లో చెబుతుంది. తుప్పు, రంగు, నూనె ఉన్న చోట పెడితే అబద్ధం చెబుతుంది కనుక ముందు గ్రైండరుతో ఒక రూపాయి బిళ్లంత మేర శుభ్రం చేయాలి. కార్బన్‌ను అది చూడలేదు. ఆ గ్రైండరు రవ్వలే కార్బన్ సంగతి చాలావరకు చెబుతాయి. ఈఎన్ 31 ముక్క చెట్టులా కొమ్మలు కొమ్మలుగా చిట్లుతుంది. హైస్పీడ్ ఉక్కు రవ్వలు సన్నగా, ముదురు ఎరుపుగా, చిట్లకుండా సాగుతాయి. హైస్పీడ్ టూలు ముక్కలు మూసపని గారి తుక్కులో కనిపిస్తే మాత్రం వాటిని కరిగించడం డబ్బును కరిగించడమే. ఎం2 రకంలో 6 శాతం టంగ్‌స్టన్, 5 శాతం మాలిబ్డినం ఉంటాయి, వాటికి వేరే కొనుగోలుదారులు ఉన్నారు.

ఎంత చిన్న యార్డు అయినా రేడియేషన్ గురించి తెలుసుకుని ఉండాలి. లోహవిద్య గారు చెప్పిన మూడు దారుల సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. 1998లో స్పెయిన్‌లో ఒక స్టెయిన్‌లెస్ కర్మాగారం ఫర్నేసులో సీసియం 137 ఉన్న వస్తువు కరిగిపోయింది. సీసియం ఆవిరై పోయేది కనుక ఉక్కు శుభ్రంగానే ఉంది, పొగ ధూళి కలుషితమైంది. కోబాల్టు 60 అయితే నికెల్ లాగా లోహంలోనే కరిగి ఉండిపోతుంది. 1983లో మెక్సికోలోని హువారెస్‌లో అది కడ్డీల్లో చేరింది. 1984 జనవరిలో ఆ కడ్డీలు తీసుకువెళుతున్న ఒక లారీ దారి తప్పి లాస్ అలమోస్ ప్రయోగశాల గేటు దగ్గరికి వెళ్లి, అక్కడి అలారం మోగినప్పుడు గాని సంగతి బయటపడలేదు. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్టు 60 పరికరాన్ని విప్పినప్పుడు ఒక మనిషి చనిపోయాడు. సీసపు తొడుగు ఉన్న, పరిమాణానికి మించి బరువున్న, మూడు రెక్కల గుర్తు ఉన్న వస్తువు కనిపిస్తే కోయకుండా దూరం జరిగి అధికారులకు చెప్పండి.

ఎంటెక్_వరంగల్

వాక్యూమ్‌లో కరిగిస్తే రాగి, తగరం ఆవిరి కావా? హైదరాబాద్‌లోని ప్రత్యేక లోహాల కర్మాగారం మిధానిలో వాక్యూమ్ ఇండక్షన్, వాక్యూమ్ ఆర్క్ ఫర్నేసులు ఉన్నాయని చదివాము కనుక అడుగుతున్నాను.

మెల్ట్‌షాపు_ఒడిశా

వాక్యూమ్‌లో వాయువులు, సీసం, బిస్మత్, జింకు బాగా పోతాయి, మాంగనీసు కూడా కొంత పోతుంది. రాగి, తగరం చాలా నెమ్మదిగా పోతాయి కనుక టన్నుల లెక్కన తుక్కు శుద్ధికి అది గిట్టుబాటు కాదు. వాక్యూమ్ ఫర్నేసులు వాడే చోట తుక్కు ఎంపిక మరింత కఠినంగా ఉంటుంది.

మూసపని (చర్లపల్లి)

చర్చ చాలా ఉపయోగపడింది. పంపు షాఫ్టులను, బేరింగులను డబ్ల్యూసీబీ చార్జ్ నుండి పూర్తిగా తీసేస్తున్నాను. ఈఎన్ 24 కోత ముక్కలను విడిగా పెట్టి, గేరు బ్లాంకులు, క్రషర్ హామర్ల వంటి లో అల్లాయ్ (మిశ్రమ మూలకాలు కొద్దిగా ఉన్న) పోతలకు వాడదామని ఆలోచన. ఇందులో ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా? అలాగే ఇంత ఏరినా ఒక ముక్క తప్పించుకుని వస్తే, కరిగిన తర్వాత చేయగలిగింది ఏదైనా ఉందా?

మెల్ట్‌షాపు_ఒడిశా

ఈఎన్ 24కు మీ ఆలోచన సరైనదే. దిమ్మలు వాడండి, నూనె తడిసిన చిప్స్ మాత్రం వద్దు. నూనె, తేమ హైడ్రోజన్‌ను తెస్తాయి, నికెల్ క్రోమ్ ఉక్కులో అది సూదిరంధ్రాలు, లోపలి పగుళ్లు పుట్టిస్తుంది. చిప్సే వేయాల్సి వస్తే ముందుగా వేడి చేసి ఆరబెట్టండి, తడివి కరుగులో పడితే చిమ్మి మనుషుల మీద పడుతుంది. నికెల్, మాలిబ్డినం మొదటి నుండి వేయవచ్చు, అవి ఎక్కడికీ పోవు. క్రోమియం, మాంగనీసు సర్దుబాటు చివరలో, స్లాగు లాగేసిన తర్వాత చేయండి.

తప్పించుకున్న ముక్క విషయానికి వస్తే, మీరు ఇప్పుడు చివరి నమూనా మాత్రమే స్పెక్ట్రోకు పంపుతున్నట్టు ఉంది. అప్పటికి ఫర్నేసు నిండి ఉంటుంది, పలుచన చేయడానికి చోటు ఉండదు. 400 కిలోలు కరగగానే ఒక నమూనా తీయండి. మిగిలిన 100 కిలోలకు క్రోమియం 0.05 శాతం మించదని మీకు నమ్మకం ఉన్న ప్లేట్ కోత ముక్కలను ముందే తూచి పక్కన పెట్టుకోండి. మొదటి నమూనాలో 0.58 వచ్చిందనుకుంటే, ఆ వంద కిలోలు పడ్డాక 0.47కు దిగుతుంది, హీటు దక్కుతుంది. 0.61 దాటితే ఆ వంద కిలోలతో కూడా 0.50 లోపలికి రాదు. అలాంటప్పుడు వాల్వు మూసల్లో పోయకుండా ఇంగాట్లుగా (దిమ్మలుగా) పోసి, ప్రతి ఇంగాటు మీద హీటు నంబరు, క్రోమియం, నికెల్ శాతాలు పెయింటుతో రాసి, మీ లో అల్లాయ్ పోతలకు చార్జ్‌గా వాడుకోండి. కూర్పు తెలిసిన తుక్కు మీకు బజారులో అంతకంటే చవకగా దొరకదు.